రోజూ వెళ్లే టిఫిన్ హోటల్లో మనం "మనవాళ్లం" అయ్యేది ఎప్పుడండీ? (విజయనగరం)

ప్రశ్న
రాసినవారు: అయ్యకోనేరు గట్టు

అందరికీ నమస్కారం. ప్రశ్న చిన్నది, వెనకున్న కథ కొంచెం పొడుగు. ఓపిక లేనివాళ్లు ఆఖరి పేరా ఒక్కటే చదివి జవాబు చెప్పినా సంతోషమే.

మాది బొబ్బిలి. ఉద్యోగం పని మీద నాలుగేళ్లు జపాన్‌లో, ఫుకువోకాలో ఉండి వచ్చాను. ఇప్పుడు విజయనగరంలో అయ్యకోనేరు దగ్గర అద్దెకుంటున్నాం. నాది ఇంటి నుంచే పని. మా ఆవిడ టీచరు, ఏడుంపావుకల్లా కాంప్లెక్సులో బస్సెక్కాలి. కాబట్టి మా ఇంట్లో టిఫిను ఆదివారం పూటే. మిగతా ఆరు రోజులూ గట్టు మీద కాసేపు నడిచి, గంటస్తంభం దగ్గర ఒక సందు మొగలో ఉన్న హోటల్‌కి పోతాను. పేరు రాయను. రాస్తే రేపటి నుంచి నాకే బల్ల దొరకదు.

హోటలంటే ఆరు బల్లలు, గోడకి రెండు క్యాలెండర్లు, మూలన నీళ్ల డ్రమ్ము. పెనం వీధి వైపే ఉంటుంది. మాస్టరు దాని మీద నీళ్లు చిలకరించి, ఈనెల చీపురుతో ఒక్క ఊపు ఊపి, గరిటెడు పెసరపిండి వేసి తిప్పుతాడు. ఉల్లిపాయ ముక్కలు చల్లి అట్లకాడతో అద్దుతాడు. అద్దినప్పుడు సన్నగా చిటపటమంటుంది. ఆ చప్పుడు తగ్గేదాకా పక్క అట్టు వైపు చూస్తాడు, తగ్గగానే చెయ్యి వెనక్కొచ్చి దీన్ని మడిచేస్తుంది. నేను పొద్దున్నే నిద్ర లేచేది ఈ ఒక్క దృశ్యం కోసం అంటే మా ఆవిడ ఒప్పుకోదు గానీ నిజం.

ఇక నా బాధ. వెళ్లడం మొదలుపెట్టి నాలుగు నెలలు. లెక్కేస్తే వంద పూటలకి దగ్గర్లో ఉంటాను. ఈ రోజుకీ ఓనరుగారు నన్ను చూసి "ఏటి కావాలండీ?" అంటారు. నేను రోజూ చెప్పేదే చెప్తాను. రెండిడ్లీ, ఒక పెసరట్టు ఉల్లిపాయ వేసి, అల్లం చట్నీ వేరే గిన్నెలో. నా ఎదుటి బల్ల దగ్గర తెల్ల లాల్చీ పెద్దాయన కూర్చుంటారు. ఆయన నోరు విప్పరు. కూర్చోగానే సప్లయర్ గుంటడు మెత్తని అట్టు ఒకటి, చట్నీ లేకుండా కారప్పొడి, నెయ్యి, తెచ్చి పెడతాడు. తినేశాక అడక్కుండానే అరగ్లాసు కాఫీ. నాకు అసూయ అండీ. సిగ్గు లేకుండా చెప్తున్నాను.

ఎందుకంత పట్టింపు అంటారేమో. ఫుకువోకాలో మా గది కింద వీధిలో ఒక రామెన్ కొట్టు ఉండేది. తొమ్మిది స్టూళ్లు, ఒకే పొడుగాటి చెక్క బల్ల, దాని వెనకాల పొయ్యి, పొయ్యి దగ్గర తలకి తువ్వాలు చుట్టుకున్న ముసలాయన. రామెన్ అంటే ప్యాకెట్ నూడుల్స్ అనుకోకండి. ఆ ప్రాంతంలో హకాటా రామెన్ అంటారు. పంది ఎముకల్ని గంటల తరబడి పెద్ద మంట మీద మరిగిస్తే నీళ్లు పాలలా తెల్లబడతాయి, అదీ రసం. (మా అమ్మకి ఇప్పటికీ అది కోడి పులుసే. దయచేసి ఎవరూ బొబ్బిలి దాకా మోసుకెళ్లకండి.) అందులో దారాల్లాంటి సన్న గోధుమ నూడుల్స్. అవి అంత సన్నం కాబట్టి నిమిషంలోపే ఉడుకుతాయి, అంత తొందరగానూ రసంలో నాని మెత్తబడిపోతాయి. అందుకని ముందు కొంచెమే వేస్తారు. అయిపోగానే "కాయెదామా" అంటే, మిగిలిన రసంలోకి ఇంకో ముద్ద నూడుల్స్ వేస్తారు. మన భోజనం హోటల్లో మారు అన్నం లాంటిదన్నమాట, కాకపోతే దానికి విడిగా డబ్బులు. నాగహామా అనే చోట చేపల మార్కెట్టు ఉంది. అక్కడి పనివాళ్లకి కూర్చుని తినే తీరిక లేక ఈ పద్ధతి పుట్టిందని అక్కడివాళ్లు చెప్తారు.

నూడుల్స్ ఎంత గట్టిగా కావాలో కూడా మనమే చెప్పాలి. మామూలుగా అయితే "ఫుత్సూ", గట్టిగా అయితే "కాటా", ఇంకా గట్టిగా "బరికాటా". గుమ్మంలో ఒక మెషిన్ ఉంటుంది. డబ్బులేసి మీట నొక్కితే టికెట్ వస్తుంది, అది బల్ల మీద పెట్టాలి. నేను రోజూ టికెట్ పెట్టి "కాటా" అనేవాణ్ణి. అంతే మా సంభాషణ. తినడం, గిన్నె ఎత్తి బల్ల పైగట్టు మీద పెట్టడం, నా ముందు తడి గుడ్డతో తుడిచేసి "గొచిసోసామా" (తిన్నాక చెప్పే ధన్యవాదం) అని లేచి రావడం. వెనకాల జనం నిలబడి ఉంటారు కాబట్టి కబుర్లకి కూర్చోవడం మర్యాద కాదు. ఎన్నాళ్లకో ఒక వానరోజు, నేను టికెట్ పెట్టి నోరు తెరిచేలోపు ముసలాయన నా వైపు చూడకుండానే "కాటా" అని తనే అనుకుని నూడుల్స్ నీళ్లలో దించాడు. కళ్లద్దాలకి ఆవిరి పట్టింది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే నా మొహం చూసి నవ్వుకునేవాడు. పరాయి దేశంలో నన్ను గుర్తుపట్టిన మొదటి మనిషి ఆయన. పేరు కూడా తెలియదు, ఆయనకి నాదీ తెలియదు.

అక్కడ మాటలు రాకుండా సంపాదించుకున్నది ఇక్కడ సొంత భాషలో రావడం లేదు. ఫ్రీగా ఏమీ వద్దు, అప్పు ఖాతా వద్దు. "ఏటి కావాలండీ" అని ఒక్క రోజు అడక్కుండా ఉంటే చాలు. అనుభవజ్ఞులు చెప్పండి, దీనికి ఏం చెయ్యాలి?

---

జవాబు 1: మేడ మీద బ్యాచిలర్

సప్లయర్‌కి రోజూ 10 రూపాయలు చేతిలో పెట్టు బ్రో. వారంలో నీ పేరు, మీ నాన్నగారి పేరు కూడా చెప్తాడు.

---

అయ్యకోనేరు గట్టు:

అది కొనుక్కోవడం అవుతుంది కదండీ. జపాన్‌లో అయితే టిప్ పెట్టి వస్తే, మర్చిపోయారని వీధిలోకి పరుగెత్తుకొచ్చి తిరిగి ఇస్తారు. ఆ అలవాటు ఒకటి పట్టుకుంది నాకు. వేరే దారి చెప్పండి.

---

జవాబు 2: కస్పా లెక్కల మేస్టారు (రిటైర్డ్)

బాబూ, మీ ప్రశ్న చదివి రెండుసార్లు నవ్వుకున్నాను. ఆ తెల్ల లాల్చీ పెద్దాయన నేను కాదు, ముందే చెప్తున్నా. నాది వేరే హోటలు, ఉల్లివీధి వైపు.

నేను ఆ హోటల్లో 1991 నుంచి కాఫీ తాగుతున్నాను. మొదటి ఇరవై మూడేళ్లూ నన్ను "సార్" అనేవారు. నాది చదువు చెప్పే వృత్తి కాబట్టి ఊళ్లో సగం మంది సార్ అనే అంటారు, అందులో ప్రత్యేకం లేదు. నన్ను మనిషిగా లెక్కవేసుకున్నది హుద్‌హుద్ తుపాను తర్వాతే.

2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ గాలి విన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. మర్నాడు పొద్దున బయటికొస్తే వీధినిండా చెట్ల కొమ్మలు, రేకులు, స్తంభాలు వాలిపోయి ఉన్నాయి. కరెంటు రోజుల తరబడి లేదు. కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే నీళ్లు లేవు. హోటల్ గ్రైండరు కూడా కరెంటుదే. ఓనరు గుమ్మంలో కూర్చుని ఖాళీ బిందెల వైపు చూస్తున్నాడు. మా ఇంట్లో మా తాతగారి నాటి నుయ్యి ఉంది. అందరూ పూడ్చేసుకుని బోర్లు వేయించుకుంటుంటే, మా నాన్నగారు మొండికేసి ఉంచారు, గిలకతో సహా. నేను వెళ్లి, "నుయ్యి ఉంది, పంపించవయ్యా కుర్రాళ్లని" అన్నాను. అంతే. ఆ కుర్రాళ్లు నాలుగు రోజులు మా దొడ్లోంచి నీళ్లు మోశారు. పిండి రుబ్బే వీలు లేక కట్టెల పొయ్యి మీద ఉప్మా ఒక్కటే చేశాడాయన. అదీ ఉల్లిపాయ లేని ఉప్మా, బజారే లేదు మరి. పాలు లేవు కాబట్టి డికాక్షన్‌లో బెల్లం వేసి ఇచ్చాడు. వీధిలో వాళ్లందరం అదే తాగాం.

ఇప్పుడు నేను వెళ్తే ఏం కావాలని అడగరు. బాబూ, నేను దాని కోసం చెయ్యలేదు. నుయ్యి ఉంది, చెప్పాను. అయితే మీ కోసం ఇంకో తుపాను రావాలని కోరుకోలేం కదా. కాబట్టి నా అనుభవం మీకు అంతగా పనికిరాదని తెలిసే రాస్తున్నాను.

ఒక్క విషయం మాత్రం పనికొస్తుంది. పండగ రద్దీలో గుర్తింపు కోసం ప్రయత్నించకండి. విజయదశమి వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. ముందురోజు తొలేళ్ల నుంచే ఊళ్లోకి జనం దిగుతారు. ఆ రెండు రోజులూ మీ ఓనరుగారు సొంత తమ్ముణ్ణి కూడా గుర్తుపట్టరు.

---

జవాబు 3: గల్లాపెట్టె పక్కన పెరిగిన పిల్ల

అన్నయ్యా, మా నాన్నది శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర టిఫిన్ హోటలు. మోకాళ్లు అరిగాక మూసేశారు. ఇంటర్ దాకా పొద్దుటి పూట గల్లా దగ్గర నేనే కూర్చునేదాన్ని. కాబట్టి అటువైపు నుంచి చెప్తాను.

ముందు ఒకటి అడుగుతాను. నువ్వు డబ్బులు ఎలా ఇస్తున్నావు? గోడ మీద అట్ట స్కాన్ చేసి వెళ్లిపోతున్నావు కదా? అక్కడే పోయింది.

మా రోజుల్లో ప్రతి మనిషీ గల్లా దగ్గర ఆగాలి. 50 నోటు ఇస్తాడు, చిల్లర లేదంటాం, జేబులు తడుముకుంటాడు, "రేపిస్తానులే" అంటాడు, మర్నాడు గుర్తుపెట్టుకుని ఇస్తాడు. ఆ రెండు రూపాయల బాకీ దగ్గరే సగం పరిచయాలు. చిల్లర లెక్కపెట్టేటప్పుడు మొహం చూడక తప్పదు. ఇప్పుడు ఆ డబ్బా "అరవై రూపాయలు వచ్చాయి" అని అరుస్తుంది, మా వాళ్లు తల ఎత్తరు. మీ ఓనరుగారికి నువ్వు ఒక గొంతువి, అదీ నీ గొంతు కాదు.

రెండోది, మేము మనుషుల్ని పేర్లతో గుర్తుపెట్టుకోం. మా నాన్నకి ఒకాయన "ఆరున్నర రెండిడ్లీ". ఇంకొకాయన "సాంబారు ముంచినాయన", ఇడ్లీ కనపడకూడదు ఆయనకి, సాంబారులో మునగాలి. ఒకావిడ "పార్సిల్ పూరీ, బొంబాయి చట్నీ ఎక్కువ". ఆవిడ ఒక రోజు దోశ అడిగితే మా నాన్న రోజంతా కంగారుపడ్డాడు, ఇంట్లో ఏమైందోనని. మనిషిని ఆ వేళ, ఆ బల్ల, ఆ ప్లేటు కలిపి గుర్తుపెట్టుకుంటాం. నువ్వు ఒక రోజు ఏడింటికి, ఒక రోజు ఎనిమిదిన్నరకి వెళ్తే నువ్వు ఇద్దరు మనుషులవి. ఎనిమిది దాటాక ఆఫీసు జనం మధ్య వెళ్తే అసలు మనిషివే కాదు.

మూడోది రహస్యం. పొద్దున్నే రుబ్బిన మొదటి చట్నీ గట్టిగా ఉంటుంది. జనం పెరిగేకొద్దీ అందులో నీళ్లు పడతాయి. అన్ని హోటళ్లలో అంతే, మాదీ అంతే, ఎవరూ ఒప్పుకోరు. మేము మనవాళ్లు అనుకున్నవాళ్ల కోసం మాస్టరు ఒక గిన్నె గట్టిది పక్కన దాచేవాడు. నీ ప్లేటులో అల్లం చట్నీ ఎనిమిదింటికి కూడా గట్టిగా ఉంటే, నువ్వు ఎప్పుడో వాళ్ల మనిషివి అయిపోయావు, నీకే తెలియలేదు. చూసుకో.

ఇంకో సందేహం. వాళ్లు "ఏటి కావాలండీ" అని అడగడాన్ని నువ్వు గుర్తుపట్టకపోవడం అనుకుంటున్నావు. మా నాన్న అందరినీ అడిగేవాడు. ఇరవై ఏళ్ల నుంచి వచ్చేవాళ్లని కూడా. ఎదుటివాడు ఏదో ఒకటి మాట్లాడాలి కదా, దానికి అదో వంక.

---

జవాబు 4: నాగావళి ఒడ్డు

మీరందరూ ఆయన్ని గోతిలోకి దించుతున్నారు. నేను శ్రీకాకుళం, గుజరాతీపేట. ఒక హోటల్లో మనవాణ్ణి అయిపోయి పదకొండేళ్లుగా అవస్థ పడుతున్నాను. నా మాట కూడా వినండి బావూ.

ఒకటి, ఇంకో హోటల్‌కి వెళ్లలేను. డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర కొత్తగా ఒకటి పెట్టారు, అక్కడ దిబ్బరొట్టి బాగుంటుందన్నారు. పార్సిల్ కట్టించుకుని బండికి తగిలించుకుని వస్తుంటే, సిగ్నల్ దగ్గర పక్కన బండి మీద మా ఓనరు. పార్సిల్ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఆరోగ్యం బాగుందా?" అన్నాడు. అంతే అన్నాడు. నాకు ఆ రొట్టి గొంతు దిగలేదు. ఇంకో ఆడదానితో దొరికిపోయినట్టయింది నా పని. ఇప్పుడు అటు వెళ్తే హెల్మెట్ తియ్యను.

రెండు, నాకు షుగర్ వచ్చింది. డాక్టరు చెప్పాడు, ఇంట్లో చెప్పారు, నేను వినలేదు. ఆ కబురు హోటల్‌కి ఎలా చేరిందో తెలియదు, మా బావమరిది మీద నా అనుమానం. మర్నాడు రెండో పూరీ ప్లేటు అడిగితే ఓనరు మాస్టరుకి చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు, చోడి అట్టు వెయ్" అన్నాడు. నా డబ్బులు, నా పొట్ట, ఆయన అడ్డు. నలుగురిలో. కోపం వచ్చి వారం వెళ్లలేదు. ఎనిమిదో రోజు సప్లయర్ గుంటడు ఇంటికొచ్చి, "ఓనరు గారు ఏటైందో కనుక్కోమన్నారండి" అని గుమ్మంలో నిలబడ్డాడు. మా ఆవిడ వాణ్ణి కూర్చోబెట్టి టీ ఇచ్చి, నా రిపోర్టులన్నీ చదివి వినిపించింది.

ఇప్పుడు నాకు అక్కడ ఏం కావాలో ఎవరూ అడగరు. మీరు కోరుకున్నది అదే కదా? నాకు కాఫీలో పంచదార కూడా అడక్కుండానే మానేశారు.

---

జవాబు 5: మేడ మీద బ్యాచిలర్

ఇంతకీ ఆ రామెన్ మన దగ్గర ఇంట్లో చేసుకోవచ్చా బ్రో? హోటల్ సంగతి తర్వాత.

---

అయ్యకోనేరు గట్టు:

చేశాను, చెడగొట్టాను. ఆ నూడుల్స్‌కి పసుపు రంగు, సాగే గుణం వచ్చేది "కన్‌సుయి" అనే క్షారపు నీళ్ల వల్ల. మైదా అదే, నీళ్లు మారితే తీరు మారిపోతుంది. ఇక్కడ అది దొరక్క ఆలోచిస్తుంటే మా అత్తగారు, "అప్పడాల పిండిలో క్షారం కలుపుతాం కదా, అలాంటిదేనా?" అన్నారు. ఆ ఒక్క మాటతో ఆవిడ మీద గౌరవం రెట్టింపయింది. తినే సోడాని ఓవెన్‌లో బాగా వేడి చేస్తే ఇంకా ఘాటైన క్షారంగా మారుతుంది, దాన్ని చిటికెడు కలిపాను. నూడుల్స్ ఫరవాలేదు. రసమే రాలేదు. కోడి ఎముకలు, కాళ్లు తెచ్చి ఆరు గంటలు మరిగిస్తే గ్యాస్ బండ అయిపోయింది, మేడ మీది వాళ్లు కిటికీలు మూసుకున్నారు. రుచి మాత్రం మా అమ్మ చేసే కోడి పులుసులా వచ్చింది. అంటే ఇన్నాళ్లూ అమ్మతో చెప్పిన అబద్ధం నిజమైపోయిందన్నమాట.

గల్లాపెట్టె చెల్లెమ్మా, నువ్వు కుండ బద్దలుకొట్టావు. అవును, స్కాన్ చేసి నడుచుకుంటూ వచ్చేస్తున్నాను. రేపటి నుంచి నోట్లు. వేళ కూడా ఏడున్నర అని పెట్టుకుంటాను, మా ఆవిణ్ణి బస్సెక్కించి నేరుగా అటే. మేస్టారూ, మీ నూతికి నమస్కారం.

---

అయ్యకోనేరు గట్టు (మూడు వారాల తర్వాత):

అడిగినవాళ్ల కోసం ఏం జరిగిందో రాస్తున్నాను.

మొదటి రోజు 100 నోటు ఇచ్చాను. ఓనరుగారు నోటు వైపు చూసి, గోడ మీద అట్ట వైపు చూసి, "ఫోన్ పాడైందా?" అన్నారు. నాలుగు నెలల్లో మా మధ్య ఇది రెండో వాక్యం. లేదండీ, ఊరికే అన్నాను. చిల్లర ఇచ్చారు. మూడో రోజు 5 రూపాయలు లేవన్నారు, రేపిద్దురులెండి అన్నాను. నాలుగో రోజు నేను గుమ్మం ఎక్కుతుండగానే 5 బిళ్ల బల్ల మీద పెట్టి వేలితో నా వైపు తోశారు. మాట లేదు. చెల్లెమ్మా, ఆ బిళ్ల ఖర్చుపెట్టలేదు, షర్టు జేబులోనే ఉంది.

పోయిన గురువారం వాన, నేను వెళ్లేసరికి ఎనిమిదైంది. హోటల్లో నేనూ, తెల్ల లాల్చీ పెద్దాయనా, అంతే. నేను ధైర్యం చేసి ఓనరుగారిని అడిగేశాను. "నాలుగు నెలల నుంచి అదే తింటున్నాను, రోజూ ఎందుకండీ అడుగుతారు?" అని.

ఆయన కళ్లజోడు పైకి తోసుకుని నన్ను తేరిపార చూశారు. "మీరు అయ్యకోనేరు పక్క డాబా ఇంట్లో ఉంటారు. మీ ఇంటావిడ టీచరు. రెండిడ్లీ, పెసరట్టు, అల్లం చట్నీ వేరేగా. మొన్న శనివారం రాలేదు. మీరొచ్చిన రెండో వారానికే మా మాస్టరు చెప్పాడు, ఈయన చట్నీ గిన్నె నాకినట్టు తింటాడు, గట్టిది తీసి ఉంచమని."

నేను గిన్నె వైపు చూసుకున్నాను. గట్టిగా ఉంది. టైము ఎనిమిదింపావు.

"మరి మాట్లాడించలేదేటండీ?" అన్నాను.

"మీరు తలొంచుకుని వచ్చి, తలొంచుకుని తిని, బల్ల మీరే తుడిచేసి పోతున్నారు. మా గుంటడు భయపడ్డాడు, తనకి బల్ల తుడవడం రాదని కోపమేమోనని. మాటలు గిట్టని మనిషి, కదపొద్దు అన్నాను నేనే. ఆ ఒక్క మాటా అడిగితే మీరు నోరు విప్పుతున్నారు. అదీ మానేస్తే ఏటి మిగులుద్ది?"

ఫుకువోకాలో నేర్చుకున్న మర్యాద ఇక్కడ ఇలా అర్థమైందన్నమాట. బల్ల తుడవడం గురించి నాకు ఆలోచనే లేదు, చెయ్యి తనంతట తనే వెళ్లిపోతోంది. సప్లయర్ గుంటడికి క్షమాపణ చెప్పాను. వాడు సిగ్గుపడి వంటింట్లోకి పారిపోయాడు.

తెల్ల లాల్చీ పెద్దాయన అప్పుడు మొదటిసారి నోరు విప్పారు. ఆయనకి రోజూ తెచ్చి పెట్టే మెత్తని అట్టు అసలు ఇష్టం లేదట. పళ్లు కట్టించుకున్న నెలలో అడిగారట, రెండేళ్ల కిందట. ఇప్పుడు పళ్లు బాగానే ఉన్నాయి, కరకరలాడేది తినాలని ఉంది, కానీ అడక్కుండానే తెచ్చి పెడుతుంటే ఎలా చెప్పడం అని ఊరుకున్నారట. ఓనరుగారు నెత్తి కొట్టుకున్నారు. మాస్టరు పెనం దగ్గరి నుంచి అట్లకాడ పట్టుకునే వచ్చేశాడు, నిజమా అని. ఆ పూట ఆయనకి ఎర్రగా కాల్చిన పెసరట్టు వచ్చింది. ఆయన విరుచుకు తింటుంటే ఆ చప్పుడు వానలో కూడా వినిపించింది.

నిన్న పొద్దున మళ్లీ వెళ్లాను. "ఏటి కావాలండీ?" అన్నారు.

"ఏటున్నాయండీ?" అన్నాను.

ఆయన గోడ మీద బోర్డు వైపు తిరిగి, ఇడ్లీ, వడ, పూరీ, ఉప్మా, పెసరట్టు, దోశ, ఉల్లిదోశ, అన్నీ ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టారు. దోశ దగ్గరికి వచ్చేసరికి గుంటడు నా ప్లేటు తెచ్చి పెట్టేశాడు. ఆయన ఆపలేదు.